ఇంగ్లీషు, ఫ్రెంచ్ రోజువారీ మాటలు కలిపి నేర్చుకోవచ్చా?

మీరు అడిగింది ఇది: ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గానీ మాట్లాడబోతే ఇంట్లో, బయట వాడే చిన్న చిన్న మాటలు తట్టవు. ఫ్రెంచ్ ఈ మధ్యే మొదలుపెట్టారు. ఒకే నోటుబుక్కులో తెలుగు, ఇంగ్లీషు, ఫ్రెంచ్ అని మూడు గళ్లు గీసుకుని పండ్లు, రంగులు, జంతువులు, వంటసామాన్లు వరసగా రాసుకుంటున్నారు. వారం తిరిగేసరికి సగం మర్చిపోతున్నారు, మిగతా సగం ఒకదానిలో ఒకటి కలిసిపోతోంది. రెండూ కలిపి నేర్చుకోవడం సాధ్యమేనా, రోజుకు ఎన్ని మాటలు పెట్టుకోవాలి?

సాధ్యమే. కానీ ఆ మూడు గళ్ల పట్టిక మానేయండి. తెలుగువాళ్లకు ఈ రెండు భాషలూ చాలాకాలంగా నేర్పుతున్నాను. ఆ పట్టికతో మొదలుపెట్టిన వాళ్లలో ఎక్కువమంది మీరు చెప్పిన చోటే ఆగిపోతారు. అందులో ఫ్రెంచ్ మాట ఎప్పుడూ ఇంగ్లీషు మాట పక్కనే ఉంటుంది కాబట్టి మనసు ఫ్రెంచ్‌ని ఇంగ్లీషు మీదుగా వెతకడం అలవాటు చేసుకుంటుంది. రోజువారీ మాటలకు అది చుట్టుదారి. ఫ్రెంచ్ నేర్చుకోవడానికి మీ ఇంగ్లీషు ఒకచోట చాలా బాగా పనికొస్తుంది. మిగతా చాలాచోట్ల మీ తెలుగే అంతకంటే ఎక్కువ పనికొస్తుంది.

ముందు ఇంగ్లీషు సంగతి. 1066లో ఫ్రాన్సు ఉత్తరాన ఉన్న నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండును గెలిచాక రాజసభలో, కోర్టుల్లో, పెద్దింటివాళ్ల మధ్య ఫ్రెంచ్ నడిచింది. కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం వచ్చింది 1362లో. ఆ కాలంలోనూ ఆ తర్వాతా పాలన, న్యాయం, చదువు, వస్త్రాల మాటలు వేలల్లో ఇంగ్లీషులో కలిశాయి. కానీ మామూలు జనం ఇళ్లలో మాట్లాడుకునే మాటలు చాలావరకు పాత ఇంగ్లీషువే మిగిలాయి. వాటర్, బ్రెడ్, హౌస్, డోర్, ఈట్, డ్రింక్, స్లీప్ తీసుకోండి. ఫ్రెంచ్‌లో వీటిని ఓ, పెఁ, మెజోఁ, పోర్త్, మాఁజే, బ్వార్, దోర్మీర్ అంటారు. ఒక్కటీ పోలిక లేదు. అదే గవర్నమెంట్, నేషన్, పాసిబుల్, ఇంపార్టెంట్ లాంటివి ఫ్రెంచ్ స్పెల్లింగులో కూడా దాదాపు అలాగే ఉంటాయి. ఇంగ్లీషు బాగా చదివినవాళ్లు ఫ్రెంచ్ పత్రికలో సంపాదకీయం ఎంతోకొంత పట్టుకోగలిగి కూడా, భోజనాల బల్ల దగ్గర ఒక చెంచా అడగలేకపోవడానికి కారణం ఇదే.

(ఇక్కడ ఫ్రెంచ్ మాటల్ని తెలుగు లిపిలో రాస్తున్నాను. అరసున్న ఉన్నచోట అచ్చు ముక్కుతో పలుకుతుంది, దాని వెనక న గానీ మ గానీ వినబడదు. ఇది దారి చూపడానికే. అసలు ఉచ్చారణ చెవితో వినాల్సిందే.)

మీ ఇంగ్లీషు పనికొచ్చే చోటు క్రియల్లో ఉంది. పుస్తకాల ద్వారా ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లకు కమెన్స్, డిసెండ్, ఎంటర్, రిపేర్, సెర్చ్, టెర్మినేట్ లాంటి బరువైన మాటలు ముందే తెలిసి ఉంటాయి. ఇంగ్లీషువాళ్లు ఇంట్లో వాటిలో కొన్నిటిని దాదాపు వాడరు. స్టార్ట్, గెట్ ఆఫ్, కమ్ ఇన్, ఫిక్స్, లుక్ ఫర్ అంటారు. మీకు మాట్లాడేటప్పుడు తట్టనివి ఇవే. అదే ఫ్రెంచ్‌లో ఆ బరువైన మాటల చుట్టాలే చిన్నపిల్లలు కూడా వాడే మామూలు మాటలు. మొదలుపెట్టడం కొమాఁసే, బస్సు దిగడం దెసాఁద్ర్, లోపలికి రావడం ఆఁత్రే, బాగుచేయడం రెపారే, వెతకడం షెర్షే, ముగించడం తెర్మినే. కాబట్టి మీకు తెలిసిన గంభీరమైన ఇంగ్లీషు క్రియ కనబడితే దాన్ని ఫ్రెంచ్ వైపు వాడుకోండి. ఇంగ్లీషు మాట్లాడటానికి మాత్రం గెట్, పుట్, టేక్, టర్న్, గో, కమ్ లాంటి చిన్న క్రియలు అప్, ఆఫ్, ఆన్, అవుట్‌లతో కలిసి చేసే పని నేర్చుకోండి. టేక్ ఆఫ్, పుట్ ఆన్, టర్న్ ఆఫ్, పిక్ అప్, రన్ అవుట్ ఆఫ్ లాంటివి. వీటిని గెట్ జాబితా, పుట్ జాబితా అని విడగొట్టి బట్టీపట్టకండి. ఆ పని చేస్తున్నప్పుడు పైకి అనుకుంటే చాలు.

ఇక తెలుగు సంగతి. దీన్ని ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది నాకు, ఎందుకంటే పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషువాళ్ల కోసం రాసినవి, వాటిలో ఈ మాట ఉండదు. ఆకలేస్తే మనం నాకు ఆకలిగా ఉంది అంటాం. ఇంగ్లీషులో ఐయామ్ హంగ్రీ, అంటే మనిషి గుణంగా చెబుతారు. ఫ్రెంచ్‌లో జే ఫెఁ, అంటే నాకు ఆకలి ఉంది. ఫెఁ అనేది మన ఆకలి లాగే నామవాచకం. దాహం, భయం, నిద్ర, చలి, వేడి అన్నీ ఇదే పద్ధతిలో నడుస్తాయి. జే స్వాఫ్, జే పెర్, జే సొమేయ్, జే ఫ్ర్వా, జే షో. వయసు కూడా అంతే. మనం నాకు ఇరవై ఏళ్లు అంటాం, వాళ్లు జే వెఁతాఁ అంటారు. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్లు ఐయామ్‌ని అనువదించి జ స్వీ అని మొదలుపెడతారు. ఉక్కపోతను జ స్వీ షో అని చెబితే ఇబ్బందికరమైన అర్థం కూడా వస్తుంది. తెలుగులో ఆలోచించి చెబితే ఆ తప్పుకి అవకాశమే లేదు.

చేతులు కడుక్కుంటాను అన్న వాక్యం చూడండి. ఇంగ్లీషులో ఐ వాష్ మై హ్యాండ్స్, నా చేతులు అని చెప్పి తీరాలి. మనం నా అనం. కడుక్కోవడంలో ఉన్న కొను ఆ పని తనకోసమే అని చెప్పేస్తుంది. ఫ్రెంచ్ కూడా సరిగ్గా ఇదే చేస్తుంది. జ మ లావ్ లే మెఁ. మ అనేది మన కొను చేసే పని చేస్తోంది, లే మెఁ అంటే ఊరికే చేతులు. క్రియను విడిగా చెప్పేటప్పుడు ఈ మ బదులు స వస్తుంది. పడుకోవడం స కూషే, దువ్వుకోవడం స పెన్యే, దాక్కోవడం స కాషే. ప్రతి జంటా ఇంత చక్కగా కుదరదు. అయినా కొను వినబడగానే ఫ్రెంచ్‌లో స ఉంటుందేమో అని చూసుకోవడం మంచి అలవాటు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు ఈ క్రియల దగ్గర చాలాకాలం తడబడతారు.

నాకు నచ్చింది అన్నదీ అంతే. సా మ ప్లే. నచ్చిన వస్తువు కర్త, నేను అనేది నాకు అవుతుంది. ఎవరైనా గుర్తొస్తుంటే త్యు మ మాఁక్ అంటారు. అక్కడ కర్త ఆ దూరంగా ఉన్న మనిషి, నువ్వు గుర్తొస్తున్నావు అన్నట్టే. ఇక త్యు, వూ అంటే నువ్వు, మీరు. ఎవరిని ఏమనాలో ఫ్రెంచ్ పుస్తకాలు పేజీలు పేజీలు వివరిస్తాయి. మీకు ఆ ఇంగితం పుట్టుకతోనే ఉంది. కొత్తవాళ్లతో, పెద్దవాళ్లతో, పనిమీద కలిసినవాళ్లతో వూ వాడండి. అమ్మానాన్నలతో, తాతయ్యలతో మాత్రం ఈ కాలంలో చాలా ఇళ్లలో త్యు నడుస్తుంది. అంతవరకు మన అలవాటు కంటే వేరు.

ఉచ్చారణలోనూ తెలుగు కలిసొస్తుంది. ఫ్రెంచ్ త, ద పళ్లకు నాలుక ఆనించి పలికేవి, అచ్చం మనవే. ఇంగ్లీషు టేబుల్, ఫ్రెంచ్ తాబ్ల్ స్పెల్లింగులో ఒక్కటే. ఫ్రెంచ్ మాట పలికేటప్పుడు ట, డ అనేవి మీ నోట రానివ్వకపోతే చాలు. మాట మొదట ప, త, క లకు ఇంగ్లీషులో గాలి ఒత్తు వస్తుంది, ఫ్రెంచ్‌లో రాదు, తెలుగులోనూ రాదు.

కష్టమైనవీ ఉన్నాయి. త్యు అని నేను రాసిన మాటలోని అచ్చు తెలుగులో లేదు. నోట్లో ఈ అంటూ పెదవులు ఊ అన్నట్టు గుండ్రంగా చుట్టాలి. ఇది రాకపోతే నువ్వు అనబోయి తూ అంటారు, ఆ మాటకు అంతా అని అర్థం. ముక్కు అచ్చులు మూడైనా విడివిడిగా వినడం నేర్చుకోవాలి. వెఁ ద్రాక్షసారా, వాఁ గాలి, వోఁ అంటే వాళ్లు వెళ్తారు. మన లిపి అసలు ఆదుకోలేని చోటు జ. ఇంగ్లీషు జూలో మొదటి ధ్వని, ప్లెజర్‌లో మధ్య ధ్వని, జగ్‌లో మొదటి ధ్వని మూడూ వేరు, మనం మూడింటినీ జ అనే రాస్తాం. ఫ్రెంచ్‌లో ప్వాసోఁ అంటే చేప, ప్వాజోఁ అంటే విషం. ఆ ఒక్క ధ్వనే తేడా. వ కూడా అంతే. ఫ్రెంచ్‌లో అవును, జీవితం రెండిటినీ వీ అనే రాయాల్సొస్తుంది, కానీ మొదటిదానికి పెదవులు గుండ్రంగా ముడుచుకుంటాయి, రెండోదానికి పైపళ్లు కింది పెదవికి ఆనతాయి. ఇంగ్లీషులో దిక్కుకూ లోబనీనుకూ ఉన్న తేడా కూడా ఇదే, మనకు రెండూ వెస్టే. అందుకని తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకోవడం మొదటి రోజుకు పరిమితం చేయండి. రెండో రోజునుంచి అసలు స్పెల్లింగు, ఆడియో. ఇంగ్లీషుకు ఇంకొక్క జాగ్రత్త. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, కారు, పెన్ను అని చివర ఉకారం వచ్చేస్తుంది. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు దాన్ని కోసేయాలి.

ఫ్రెంచ్ నామవాచకాలకు లింగం ఉంటుందని మీకు తెలిసే ఉంటుంది. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. తర్కంతో ఊహించలేం, మాటతోపాటే నేర్చుకోవాలి. చాలామంది మాట ముందు ల (పుంలింగానికి), లా (స్త్రీలింగానికి) చేర్చి రాసుకుంటారు. నా సలహా అఁ, ఉన్ చేర్చి నేర్చుకోమని, అంటే ఒక పుస్తకం, ఒక బల్ల అన్నట్టు. కారణం ఉంది. అచ్చుతో మొదలయ్యే మాటల ముందు ల, లా రెండూ కుదించుకుపోయి ఒకేలా వినబడతాయి, లింగం మాయమవుతుంది. బడి లెకోల్, స్నేహితుడు లామి. ఉన్ ఎకోల్, అఁనామి అని నేర్చుకుంటే లింగం చెవిలో ఉండిపోతుంది. నీళ్లు లాంటి లెక్కపెట్టలేనివాటికి ఒక విశేషణం తగిలించండి. చల్లని నీళ్లు ఓ ఫ్ర్వాద్. ఆ చివరి ద వినబడిందంటే స్త్రీలింగమని గుర్తుంటుంది, పుంలింగమైతే ఫ్ర్వా దగ్గరే ఆగిపోయేది. సియోఁతో ముగిసేవి దాదాపు అన్నీ స్త్రీలింగం, మాఁతో ముగిసే పొడుగాటి మాటలు దాదాపు అన్నీ పుంలింగం అన్న గుర్తులు కూడా బాగానే పనిచేస్తాయి.

బహువచనం కూడా ముందున్న ఆ చిన్నమాటలోనే ఉంది. పిల్లి ల షా, పిల్లులు లే షా. రాతలో చివర ఎస్ చేరుతుంది గానీ పలకదు. ఒంటరిగా షా అని నేర్చుకున్నవాళ్లకు ఒకటో పదో తెలియదు. మూడు గళ్ల పట్టికలో పోయే ముఖ్యమైన సంగతి ఇది.

ఏ మాటలు ముందు నేర్చుకోవాలి? ఇంగ్లీషుకు మైకేల్ వెస్ట్ 1953లో సుమారు 2,000 మాటల జాబితా ప్రచురించారు, ఇప్పటికీ అలాంటి జాబితాలకు అది పునాది. ఫ్రెంచ్‌కు 1950ల్లో భాషావేత్త జార్జ్ గూగెనైమ్ బృందం మామూలు జనం సంభాషణల్ని రికార్డు చేసి మూడు లక్షలకు పైగా మాటల్ని లెక్కపెట్టింది. అందులో వాళ్లకు ఎదురైన చిక్కు మీకూ ఉపయోగపడుతుంది. అయ్యో, అలాగే, చేయి, వెళ్లు లాంటివి ఎవరి మాటల్లో చూసినా కోకొల్లలుగా దొరికాయి. ఇంట్లో రోజూ ముట్టుకునే వస్తువుల పేర్లు మాత్రం చాలా అరుదుగా వచ్చాయి. ఆ వస్తువు ప్రస్తావన వస్తే తప్ప దాని పేరు ఎవరూ అనరు కదా. అందుకని వాళ్లు బడిపిల్లలకు ఒక్కో విషయం ఇచ్చి, దాని గురించి తోచిన మాటలు రాయమని, ఆ అందుబాటులో ఉండే మాటల్ని జాబితాకు కలిపారు. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికే అతి తరచుగా వాడే వెయ్యి మాటలు అన్న జాబితా ఒక్కటే నమ్ముకుంటే చీపురు, తాళంచెవి, తువ్వాలు ఎప్పటికీ రావు. జాబితానుంచి క్రియల్ని, చిన్నమాటల్ని తీసుకోండి. వస్తువుల పేర్లు మీ చుట్టూ చూసి తీసుకోండి.

పండ్లన్నీ ఒకరోజు, రంగులన్నీ ఒకరోజు అన్న పద్ధతి కూడా వదిలేయండి. చూడటానికి శుభ్రంగా ఉంటుంది గానీ మనసులో అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. 1990ల్లో టింకమ్, ఆ తర్వాత వారింగ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, ఒకే జాతి మాటల్ని ఒక్కసారిగా ఇచ్చినప్పుడు నేర్చుకోవడానికి ఎక్కువ ప్రయత్నం పట్టిందని తేలింది. కుడి, ఎడమ లాంటి జంటలకు ఇది మరీ నిజం. ముందు ఒకటి గట్టిపడనివ్వండి, రెండోది కొన్నాళ్లాగి నేర్చుకోండి.

బదులుగా ఒక సన్నివేశం తీసుకోండి. ఇంటికి చేరడం అనుకుందాం. తలుపు తీస్తాను, లైటు వేస్తాను, బూట్లు విప్పుతాను, సంచీ పెడతాను, చేతులు కడుక్కుంటాను, కూర్చుంటాను. ఫ్రెంచ్‌లో జూవ్ర్ లా పోర్త్, జాల్యుమ్ లా ల్యుమియెర్, జాఁలెవ్ మే షోస్యుర్, జ పోజ్ మోఁ సాక్, జ మ లావ్ లే మెఁ, జ మాస్యే. ఆరు వాక్యాల్లో ఆరు క్రియలు, ఐదు వస్తువులు వచ్చాయి, ఒకదానికొకటి పోలిక లేనివి, ఒకదాని వెంట ఒకటి జరిగేవి. ఇంగ్లీషులో ఇదే సన్నివేశానికి స్విచ్ ఆన్, టేక్ ఆఫ్, పుట్ డౌన్, సిట్ డౌన్ వచ్చి చేరతాయి. మీకు లోటుగా ఉన్నవి సరిగ్గా అవే. నిజంగా ఇంటికి వచ్చినప్పుడు ఆ వాక్యాలు పైకి అనండి. కాగితం చూసి చదవడం కంటే, చేతిలో తాళంచెవి ఉండగా మాట కోసం ఒక్క క్షణం తడుముకుని దొరకబుచ్చుకోవడం ఎక్కువ నిలుస్తుంది.

రెండు భాషలు కలిసిపోకుండా ఉండాలంటే ఒకే సన్నివేశాన్ని రెండింట్లో ఒకే రోజు నేర్చుకోకండి. ఈ వారం ఇంటికి చేరడం ఇంగ్లీషులో, బజారు ఫ్రెంచ్‌లో. వచ్చేవారం అటుది ఇటు. నోటుబుక్కులు రెండు, వీలైతే చదివే వేళలూ వేరు. మీ ఇంగ్లీషు ఇప్పటికే కొంత ముందుంది కాబట్టి కలిసిపోవడం అంత ప్రమాదం కాదు, మొదటి కొన్ని నెలలే ఆ టెన్షన్.

మర్చిపోవడం గురించి బాధపడకండి. మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసి, నేర్చుకున్న కొద్ది గంటల్లోనే మరుపు ఎక్కువగా జరుగుతుందని, తర్వాత నెమ్మదిస్తుందని చూపించారు. అందుకే మొదటి తిరగేత అదే రోజు ఉండాలి. ఆ తర్వాత మర్నాడు, మూడు రోజులకు, వారానికి, నెలకు. సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో చెప్పిన డబ్బాల పద్ధతి దీనికి చాలు. ఒక్కో వాక్యానికి ఒక్కో కార్డు రాసుకోండి. కార్డు గుర్తొస్తే తర్వాతి డబ్బాలోకి, అక్కడినుంచి ఇంకా ఆలస్యంగా తీస్తారు. గుర్తురాకపోతే మళ్లీ మొదటి డబ్బాలోకి. ఫోనులో కావాలంటే ఆంకీ అనే యాప్ ఇదే పని చేస్తుంది. కార్డు ముందువైపు ఒంటరి తెలుగు మాట రాయకండి. ఒక బొమ్మ గానీ, బూట్లు విప్పమని ఎలా అంటారు అన్నట్టు సందర్భం గానీ ఉండాలి. వెనకవైపు పూర్తి వాక్యం. ఇంగ్లీషు కార్డులు, ఫ్రెంచ్ కార్డులు ఒకే గుట్టలో కలపొద్దు.

ఇంగ్లీషు చుట్టరికం మోసం చేసే మాటలు కొన్ని ఉన్నాయి, వాటికి మాత్రం రెండు భాషలూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఫ్రెంచ్ లిబ్రెరీ పుస్తకాల షాపు, లైబ్రరీ కావాలంటే బిబ్లియొతెక్. ఆతాఁద్ర్ అంటే వేచిచూడటం, హాజరవడం ఆసిస్తే. దమాఁదే అంటే మామూలుగా అడగడమే, డిమాండ్ చేయడం కాదు. రెస్తే అంటే ఉండిపోవడం, మొనే అంటే చిల్లర, రెజెఁ అంటే ఎండుద్రాక్ష కాదు, మామూలు ద్రాక్షపండ్లు. ఎదురైనప్పుడల్లా ఒక పేజీలో చేర్చుకుంటూ పోండి, ముందే జాబితా దొరకబట్టి బట్టీపట్టక్కర్లేదు.

అంకెలకు విడిగా సమయం పెట్టండి. ఫ్రెంచ్‌లో 75 అంటే అరవై పదిహేను, 80 అంటే నాలుగు ఇరవైలు, 97 అంటే నాలుగు ఇరవైల పదిహేడు. బెల్జియంలో, స్విట్జర్లాండ్‌లో 70కి, 90కి సూటి మాటలు సెప్తాఁత్, నొనాఁత్ ఉన్నాయి, ఫ్రాన్సులో అవి వాడరు. ఫ్రాన్సులో ఫోన్ నంబర్లు రెండేసి అంకెల చొప్పున చెబుతారు కాబట్టి ఫోన్ నంబర్లు విని రాసుకోవడమే మంచి సాధన.

ఇక రోజుకు ఎన్ని. ఫ్రెంచ్‌లో కొత్త వాక్యాలు ఐదారు, ఇంగ్లీషులో నాలుగైదు. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే మొదటి వారం బాగానే ఉంటుంది, మూడో వారానికి తిరగేయాల్సిన కార్డులు పేరుకుపోయి పుస్తకం మూసేస్తారు. తీరిక లేని రోజు కొత్తవి మానేయండి, తిరగేత మానకండి. వినడానికి ఫ్రెంచ్‌లో తేవే సెఁక్ మోఁద్ (TV5MONDE) అనే టీవీ చానెల్ వాళ్ల ఉచిత పాఠాలు మొదటి మెట్టునుంచీ ఉన్నాయి, మాట విడిగా వినాలంటే లారూస్ ఆన్‌లైన్ నిఘంటువు, ఫోర్వో (Forvo) అనే ఉచ్చారణల సైటు. ఇంగ్లీషుకు బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్, కేంబ్రిడ్జ్ నిఘంటువు. ఇంటికి చేరే సన్నివేశంతో మొదలుపెట్టి, పదిహేను రోజుల తర్వాత ఏ మాటలు నిలవడం లేదో రాయండి, ఆ మాటల్ని బట్టి తర్వాతి సన్నివేశం ఏది తీసుకోవాలో చెబుతాను.